మార్గరిటాలో మన నిమ్మకాయ!

అమెరికా వెళ్లిన కొత్తలో మనవాళ్లను తికమకపెట్టేవాటిలో నిమ్మకాయ ఒకటి. పులిహోర కలుపుదామని దుకాణానికి వెళ్తారు. 'లెమన్' అని రాసి ఉన్నచోట పసుపురంగులో నిగనిగలాడే కాయలు కొనుక్కొస్తారు. పిండితే రసం బాగానే వస్తుంది. పులుపూ ఉంటుంది. కానీ ముక్కుపుటాలను తాకే ఆ ఘాటు వాసనేదీ? తప్పు వండినవాళ్లది కాదు, నిమ్మకాయంటే లెమన్ అని నేర్పిన మన ఇంగ్లిష్ వాచకాలది! పల్చటి తొక్కతో గుండ్రంగా ఉండే మన నిమ్మ నిజానికి లెమన్ కాదు... లైమ్.

ఈ తేడా పులిహోరకు ఎంత ముఖ్యమో, ఈ వారం చెప్పుకోబోయే మార్గరిటాకు అంతకు రెట్టింపు ముఖ్యం. టెకీలా, నారింజ వాసన లికర్, నిమ్మరసం, అంచుకు కాస్త ఉప్పు. అంతే, ప్రపంచంలో బాగా పేరున్న కాక్‌టెయిల్ తయారు. ఇందులో ప్రాణం టెకీలాది అనుకుంటారు చాలామంది. నన్నడిగితే నిమ్మకాయదే అంటాను.

మెక్సికోలో ఇళ్లలో వాడే చిన్న నిమ్మకాయా, మన గూడూరు మార్కెట్‌లో బస్తాలకెత్తే కాయా ఒకే జాతి. ఉత్తరాదిన కాగ్జీ నిమ్మ అంటారు, అమెరికాలో కీ లైమ్ అంటారు. పుట్టిల్లు మన ఆసియానే. అరబ్బుల చేతుల మీదుగా మధ్యధరా తీరానికీ, స్పెయిన్‌వాళ్ల ఓడల్లో అమెరికా ఖండానికీ చేరింది. అమెరికా దుకాణాల్లో లైమ్ పేరుతో కనిపించే పెద్ద, గింజల్లేని కాయ మాత్రం వేరు. అది పర్షియన్ లైమ్. పని జరిగిపోతుంది కానీ వాసన తక్కువ. అక్కడున్నవాళ్లు మెక్సికన్ కిరాణా కొట్టుకు వెళ్తే చిన్నకాయలు సంచుల్లో దొరుకుతాయి. పులిహోరకూ అవే తెచ్చుకోండి!

ఇక టెకీలా. మన పొలం గట్ల మీద కంచెగా పెంచే కిత్తనార ఉంది చూశారూ, దాని చుట్టమే నీలి అగేవ్. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో టెకీలా అనే ఊరే ఉంది. 1974 నుంచీ ఆ పేరుకు చట్టపరమైన రక్షణ ఉంది. హలిస్కోలోనూ, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లోనూ తయారైనదే టెకీలా. మొక్క పక్వానికి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆకులన్నీ నరికేస్తే పెద్ద అనాసపండులా మిగిలే దుంపను ఉడికించి, రసం తీసి, పులియబెట్టి, బట్టీ పడతారు. సీసా కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే... '100 శాతం అగేవ్' అని ఉందా లేదా. లేదంటే అందులో అగేవ్ చక్కెర 51 శాతమే ఉన్నా చాలు, మిగతాది చెరకు చక్కెర కావచ్చు. ఓక్ పీపాల్లో ఏళ్లతరబడి ఉంచిన ఖరీదైన రకాలు దీనికి దండగ. తెల్లగా ఉండే 'బ్లాంకో' సరిపోతుంది.

ఒక గ్లాసుకు కొలత ఇదీ. టెకీలా 50 మిల్లీలీటర్లు, ట్రిపుల్ సెక్ అనే నారింజ లికర్ 20, నిమ్మరసం 15. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క ఇది. నాకైతే నిమ్మరసం 20 ఉంటేనే బాగుంటుంది. ట్రిపుల్ సెక్ దొరక్కపోతే చింత వద్దు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని టామీస్ అనే రెస్టారెంట్‌లో దాన్ని పూర్తిగా మానేసి అగేవ్ పాకం వేశారు. అదే ఇప్పుడు వేరే పేరుతో చలామణీ అవుతోంది. మనం పల్చటి పంచదార పాకం రెండు మూడు చెంచాలు వేసుకోవచ్చు. సీసాల్లో అమ్మే నిమ్మరసం మాత్రం వద్దే వద్దు. కాయను అరచేత్తో బల్లమీద దొర్లించి, అప్పటికప్పుడు పిండాలి. మరీ నలిపి పిండితే తొక్క చేదు దిగుతుంది.

షేకర్ లేదా? బిర్రు మూత ఉన్న స్టీలు డబ్బా చాలు. నిండా ఐసుముక్కలు వేసి, అన్నీ పోసి, డబ్బా పట్టుకోలేనంత చల్లబడేవరకూ, అంటే ఓ పదిహేను సెకన్లు గట్టిగా కుదపండి. ఐసు కరిగి నీళ్లవుతుందని భయం వద్దు. ఆ నీళ్లు లేకపోతే గొంతు మండుతుంది. గ్లాసు అంచుకు బయటివైపు, అదీ సగం మేర, నిమ్మచెక్క రాసి కచ్చాపచ్చాగా దంచిన రాళ్ల ఉప్పు అద్దాలి. ఉప్పు ఇష్టంలేనివాళ్లు రెండోవైపు నుంచి తాగుతారు. జామకాయకు అద్దుకునే ఉప్పుకారమూ ఇక్కడ భేషుగ్గా ఉంటుంది. మెక్సికన్లకూ అలాంటి అలవాటు ఉంది మరి.

ఐసుతో రుబ్బి గుజ్జులా ఇచ్చే మార్గరిటా ఇంకో తరహా. దానికి యంత్రం పుట్టింది మనవాళ్లు వేలకొద్దీ స్థిరపడిన డాలస్‌లోనే. 1971లో మరియానో మార్టినెజ్ అనే రెస్టారెంట్ యజమాని ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి తయారుచేశాడు. ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం సొత్తు!

తియ్యగా, పుల్లగా, చల్లగా ఉండటంతో ఇది షర్బత్‌లా దిగిపోతుంది. అసలు పేచీ అక్కడే. పై లెక్కన ఒక్క గ్లాసులో రెండు చిన్న పెగ్గులకు మించిన మద్యం ఉంది. మనదేశంలో వాహనం నడిపేవాళ్లకు పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. చాలామందికి ఒక్క గ్లాసుతోనే అది దాటిపోతుంది. అమెరికాలో పరిమితి చాలా రాష్ట్రాల్లో 80 కదా అని ధీమాపడేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. తాగి నడుపుతూ అరెస్టయితే, కేసు తేలకముందే వీసా రద్దుచేసే పద్ధతి అక్కడ 2015 నుంచీ ఉంది. ఇన్నేళ్ల చదువూ ఉద్యోగమూ ఒక్క శనివారం సాయంత్రంతో చిక్కులో పడతాయి. కాబట్టి పార్టీకి పిలిచినవాళ్లే కారు తాళాల సంగతి ముందు తేల్చుకోవాలి. నడిపేవాళ్లకు బత్తాయి రసం, నిమ్మరసం, సోడా కలిపి, అదే ఉప్పు అంచు గ్లాసులో ఇవ్వండి. చూడటానికి తేడా తెలియదు, ఎవరూ బలవంతం చెయ్యరు.

పెరట్లో ఎండలో కూర్చుని పిండేవాళ్లకు ఇంకో జాగ్రత్త. నిమ్మరసం, ముఖ్యంగా తొక్కలోని నూనె అంటిన చర్మం మీద ఎండ పడితే ఒకట్రెండు రోజుల్లో బొబ్బలు లేస్తాయి, తర్వాత నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. దీనికి వైద్యుల దగ్గర 'మార్గరిటా బర్న్' అనే ముద్దుపేరు కూడా ఉంది. కాయలు లోపలే పిండేసి, చేతులు సబ్బుతో కడుక్కుని బయటికి రండి.