పలక రాయి, వాన చుక్క

పిల్లలకు సైన్సు మీద మనసు పోయిందని తెలియగానే పెద్దలు ఏదో ఒకటి కొనిపెట్టాలని చూస్తారు. టెలిస్కోపా, మైక్రోస్కోపా, రోబో కిట్టా అని ఇంట్లో చర్చ. కొన్నాక నాలుగు రోజుల ముచ్చట తీరి అది అటకెక్కుతుంది. పెద్దవాళ్లు తమకోసం కొనుక్కున్నవీ చాలావరకు అక్కడికే చేరతాయి. కొనబోయే ముందు, మన ఊళ్లో రోజూ చూడటానికి ఏముందో ఆలోచించడం మేలు. మార్కాపురం, కంభం, గిద్దలూరు వాళ్లకు ఆ విషయంలో కరువు లేదు.

ముందు రాయి. మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన తరాలు ఎన్నో. ఆ పలక ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద. పక్కలనుంచి వచ్చిన ఒత్తిడికి అందులోని సన్నని ఖనిజపు రేకులన్నీ ఒకే వాటంలో సర్దుకున్నాయి. అందుకే ఉలి ఆనించి కొడితే పొరలుగా విడుతుంది. 1872లో ఈ ప్రాంతపు శిలల మీద గ్రంథం రాసిన విలియం కింగ్ వీటిని కంభం పేరుతోనే పిలిచాడు. భూగర్భ శాస్త్రంలో ఆ పేరు నేటికీ నిలిచి ఉంది. ఈ శిలల్లోకి చొచ్చుకొచ్చిన చలమ దగ్గరి లాంప్రోయిట్ అనే రాయి వయసు సుమారు 140 కోట్ల ఏళ్లు. పలక అంతకన్నా పాతది.

ఈ పలకను పరిశీలించడానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. పారేసిన ముక్కల్లో రంగు చార ఒక వాటంలో, విడే పొర మరో వాటంలో పోయే ముక్క కోసం వెతకాలి. చార బురద పేరుకున్ననాటిది, పొర ఆ తరవాతి ఒత్తిడి నాటిది. గని గుంటల్లోకి మాత్రం దిగవద్దు. రాతిపొడి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

ఆకాశం చూడాలనుకునేవారికి మొదట మామూలు బైనాక్యులర్స్ చాలు, గురుగ్రహపు పెద్ద ఉపగ్రహాలు కనిపిస్తాయి. విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా వేధశాల కట్టుకున్నది ఆసక్తి కొద్దీ. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగడాన్ని అక్కడే పరిశీలించారు.

జీవుల సంగతి వేరు. 1899లో గుత్తి నుంచి శాస్త్రానికి తెలిసిన నీలిరంగు సాలీడు వందేళ్ల తరవాత, 2001లో, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. ప్రపంచంలో మరెక్కడా లేని ఆ ప్రాణిని పెంచుకునే సరదాతో విదేశాల్లో కొంటున్నారు. పట్టి సీసాలో పెట్టే వ్యాపకాన్ని మేము ప్రోత్సహించలేం. జిల్లేడు ఆకు మీది చారల గొంగళిపురుగు సీతాకోకచిలుక అయ్యేదాకా చూడండి. ఆ మొక్క ప్రతి వీధి చివరా ఉంటుంది, దాన్ని కదపనక్కర్లేదు.

అయినా ఒక్కటే ఎంచుకోమంటే మా మొగ్గు వాన కొలత వైపే. బోరు ఎండితే బతుకే తలకిందులయ్యే నేల ఇది. నిలువు గోడలున్న డబ్బాను చెట్టుకూ గోడకూ దూరంగా ఆరుబయట పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి ఎత్తు కొలిచి రాసుకోవాలి. పది మిల్లీమీటర్ల వాన పడిందంటే ఎకరాకు దాదాపు 40 వేల లీటర్ల నీళ్లు. ఈ లెక్క ఒకసారి చేసిన పిల్లవాడు వానను మునుపటిలా చూడడు. 2003లో మొదలైన ‘రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాలు’ పథకం ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల్లో సరిగ్గా ఈ పనే రైతులకు అప్పగించింది. ఆడా మగా కలిసి వానను, బోరు నీటిమట్టాన్ని కొలిచి రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయో, ఏ పంటకు ఎన్ని కావాలో లెక్క వేసుకున్నారు. శాస్త్రాన్ని ఇంతకన్నా దగ్గరగా బతుక్కు తెచ్చిన ప్రయత్నం మన వైపు అరుదు.

నల్లమలలో కురిసిన వాన గుండ్లకమ్మ దారిన కంభం చెరువుకు చేరడానికి ఎంత సమయం పడుతుంది? మొదటి వానకూ, నేల తడిశాక పడిన వానకూ ఆ సమయం ఒకటేనా? అడవి అంచు ఊళ్లో ఒకరు, చెరువు కట్ట దగ్గర ఒకరు ఈ వానాకాలం పుస్తకాలు తెరిస్తే, దసరా సెలవుల్లో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.