కౌలుదారు హక్కు ఇంకొకరి సంతకం మీద ఆధారపడకూడదు

పోస్టు కొంచెం పొడవుగానే ఉంటుంది. ఇంట్లో కౌలు వ్యవసాయం ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. వీలైతే అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి.

నెమలి అనగానే ఎవరికైనా వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తుంది. గుడికి వచ్చేవాళ్లకి దారి పక్కన చేలు కనిపిస్తాయి. ఆ చేనుకి పట్టా ఎవరి పేరున ఉందో, అందులో ఒళ్లు వంచి పని చేస్తున్నది ఎవరో మాత్రం కనిపించదు. గంపలగూడెం, తిరువూరు, ఎ.కొండూరు మండలాల్లో మన తండాల వాళ్లు, యానాది, ఎరుకల కుటుంబాల వాళ్లు ఉన్న కాస్త భూమి చాలక, కొందరికి అదీ లేక, కౌలుకి చేస్తున్నారు. మనలో చాలామంది హాస్టల్ ఖర్చులు, పరీక్ష ఫీజులు ఆ కౌలు చేలోంచి వచ్చినవే.

కౌలు ఒప్పందం ఎలా జరుగుతుందో మనకి తెలుసు. కాగితం ఉండదు. ఎకరానికి ఇంత మక్తా అని నోటిమాట. సగం ముందే కట్టాలి, కొన్ని చోట్ల మొత్తం ముందే కట్టాలి. ఆ డబ్బు వడ్డీకి తెచ్చిందే. పంట బాగా పండితే గొడవ రాదు. వాన ముంచినా, ధర పడినా, ఇంకొకరు ఎక్కువ మక్తా ఇస్తామని వచ్చినా అప్పుడు మొదలవుతుంది. "వచ్చే నెలలో చేను ఖాళీ చెయ్యి" అంటారు. మిర్చి కోతకి ముందు బాకీ మొత్తం కట్టమంటారు. నష్టపరిహారం యజమాని ఖాతాలో పడితే "అది నా భూమికి వచ్చింది" అంటారు. పెద్దమనుషుల దగ్గరికి వెళ్తే సర్దుకుపొమ్మంటారు. స్టేషన్‌కి వెళ్తే సివిల్ తగాదా అంటారు. అక్కడితో మన నాన్నలు ఆగిపోతారు.

ఎందుకు ఆగిపోతారు? చట్టం తెలియక అని బయటివాళ్లు అనుకుంటారు. మా అభిప్రాయం అది కాదు. కేసు వేసిన కౌలుదారుకి మరుసటి ఏడాది ఆ ఊళ్లో ఎవరూ భూమి ఇవ్వరు. ఆ సంగతి మన వాళ్లకి బాగా తెలుసు కాబట్టే ఆగిపోతారు. అంటే అవగాహన సదస్సు ఒక్కటే దీనికి మందు కాదు. ఒంటరిగా అడిగినవాడికి నష్టం జరగకుండా చూసే పద్ధతి కావాలి.

ఇక చట్టం సంగతి. మన తిరువూరు నుంచి ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి అయిన కోనేరు రంగారావు గారు రాష్ట్ర భూమి కమిటీకి అధ్యక్షుడిగా పనిచేశారు. 2006లో ఆ కమిటీ 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. పేదల భూమి సమస్యల మీద ఈనాటికీ అందరూ ఆ నివేదికనే చూపిస్తారు. తర్వాత 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం వచ్చింది. దాని కింద కౌలుదారుకి ఏడాది గడువుతో రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలనే షరతు లేదు. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. ఇప్పుడు మనం సీసీఆర్‌సీ కార్డు అంటున్నది దీని కిందిదే. 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం. సంతకం లేకపోతే కార్డు లేదు.

కార్డు లేకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. బ్యాంకు అప్పు రాదు. కౌలుదారుకంటూ రాష్ట్ర ప్రభుత్వం పెట్టే పెట్టుబడి సాయం రాదు. కేంద్రం ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయల పీఎం కిసాన్ ఎలాగూ భూమి ఉన్న కుటుంబాలకే. 2024 సెప్టెంబర్ మొదట్లో వానలకి ఎన్టీఆర్ జిల్లా అతలాకుతలం అయినప్పుడు, పంట నష్టం జాబితాలో పేరు ఎవరిది అన్నది ఎంత పెద్ద ప్రశ్నో అందరం చూశాం. సరిహద్దు దాటి మధిర వైపు వెళ్లినా కథ అంతే. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు పట్టాదారులకే ఇచ్చారు, కౌలుదారులకి ఇవ్వలేదు.

యజమానుల వైపు మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. వాళ్లందరూ భూస్వాములు కారు. రెండెకరాలు కౌలుకిచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కునే ముసలమ్మలు కూడా ఉన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమో అని వాళ్ల భయం. ఆ భయం గాల్లోంచి రాలేదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకి 38-ఇ పత్రాలతో యాజమాన్య హక్కు దక్కింది. ఆ మాట ఇప్పటికీ ఊళ్లలో తిరుగుతూనే ఉంది. కానీ ఈ కార్డు అలాంటిది కాదు. భూమి మీద యాజమాన్యానికి భంగం రాదని 2019 చట్టమే చెబుతోంది. పంట మీద మాత్రమే హక్కు, అది కూడా 11 నెలలే. అయినా సంతకం పెట్టరు. ఇంకో కారణం కూడా ఉంది. అదే భూమి మీద యజమాని పంట రుణం తీసుకుని ఉంటాడు, సాయం ఆయన ఖాతాలోకే వస్తుంటుంది. కార్డు ఇస్తే ఆ రెండూ ఎక్కడ పోతాయో అని.

అందుకే మేం అంటున్నాం. ఎవరి మీదైతే మనకి హక్కు కావాలో, వాళ్ల సంతకం ఉంటేనే హక్కు అంటే దాన్ని హక్కు అనరు, దయ అంటారు. యజమానికి నోటీసు ఇవ్వండి, ఆయన అభ్యంతరం వినండి, గ్రామసభలో విచారించండి. ఈ చేను ఎవరు దున్నుతున్నారో ఊరంతటికీ తెలుసు. ఆ నిజాన్ని రాసుకోవడానికి సంతకం ఎందుకు? ఈ-పంట నమోదులో అసలు సాగు చేసేవాడి పేరే ఉండాలి. కౌలు రైతు సంఘాలు చాలా ఏళ్లుగా అడుగుతున్నది ఇదే. గిరిజన విద్యార్థులుగా మనం కూడా గొంతు కలపాలి.

1/70 ఉంది కదా అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు. 1959 భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తాయి. నెమలి, తిరువూరు షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు. మైదాన ప్రాంత గిరిజనులం మనం. ఏజెన్సీలో ఉన్న ఆ గొడుగు మనకి లేదు. కాబట్టి మనకి ఉన్నవేంటో తెలుసుకుని వాడుకోవాలి.

ఒకటి, ఉచిత న్యాయ సహాయం. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పని లేదు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు మనం కట్టక్కర్లేదు. తెల్ల కాగితం మీద సమస్య రాసి, కుల ధ్రువీకరణ పత్రం జత చేసి తిరువూరు కోర్టులో మండల న్యాయ సేవా కమిటీకి ఇవ్వాలి. ఫోనులో అడగాలంటే 15100. ఇది ఎవరో పెట్టే దానం కాదు, రాజ్యాంగం 39-ఎ అధికరణలో ఉన్న మాట.

రెండు, 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్. భూమి స్వాధీనంలో ఉన్న మనిషిని అతని ఇష్టం లేకుండా, చట్ట పద్ధతిలో కాకుండా బయటికి గెంటితే 6 నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగొచ్చు. ఆ దావాలో భూమి ఎవరి సొంతం అన్నది ప్రశ్నే కాదు. యజమాని అయినా సరే, బలవంతంగా గెంటకూడదు. కానీ 6 నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. "చూద్దాంలే" అంటూ ఉగాది దాకా ఆగితే అయిపోయినట్టే.

మూడు, పంటని నాశనం చేసినా, పండింది బలవంతంగా ఎత్తుకుపోయినా, చేసింది ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి అయితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తించవచ్చు. 2015 సవరణ తర్వాత ఈ సంగతి అందులో స్పష్టంగా ఉంది. అయితే మక్తా లెక్కలో తేడా వచ్చినప్పుడల్లా ఈ చట్టం పేరు ఎత్తకూడదు. నిజంగా జరిగినప్పుడు గట్టిగా నిలబడాలంటే, జరగనప్పుడు వాడకూడదు.

నాలుగు, లోక్ అదాలత్. కేసు వేయకముందే అక్కడికి వెళ్లొచ్చు. అక్కడ రాజీ కుదిరి అవార్డు ఇస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. మిర్చి పంట ఆరేడు నెలల్లో అయిపోతుంది, దావా ఏళ్ల తరబడి నడుస్తుంది. కౌలు తగాదాల్లో చాలావాటికి ఇదే దగ్గరి దారి. పెద్దమనుషుల పంచాయితీ మాటకి, ఈ కాగితానికి చాలా తేడా ఉంది.

వీటన్నిటికీ రుజువు కావాలి. కాగితం లేదని దిగులుపడొద్దు. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, అది ఉందని చూపించగలగాలి అంతే. మక్తా డబ్బు చేతికి ఇవ్వకుండా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయించండి. విత్తనాల, ఎరువుల బిల్లులు నాన్న పేరు మీదే రాయించండి. యార్డులో ఇచ్చే కాటా చీటీలు పారేయొద్దు. చేలో నాన్న పని చేస్తున్న ఫొటోలు నెలకొకటి తీసి దాచండి. పక్క చేను వాళ్లు ఇద్దరు సాక్షులుగా ఉంటారేమో ముందే మాట్లాడండి. ఒక నోటుబుక్కు పెట్టి తేదీలతో రాయండి. ఈ పని చేయడానికి లా చదవక్కర్లేదు, పదో తరగతి చదివితే చాలు.

ఇంకో మాట. న్యాయ సేవాధికార సంస్థలు పారా లీగల్ వాలంటీర్లని తీసుకుంటాయి. విద్యార్థులు కూడా అర్హులే. తండాకి ఒకరు చొప్పున మనవాళ్లు వాలంటీర్లు అయితే, దరఖాస్తు రాయడానికి నాన్న ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. వేసవి సెలవుల్లో, కౌళ్లు మాట్లాడుకునే రోజుల్లోనే, తండాల్లో న్యాయ సహాయ శిబిరం పెట్టమని అందరం సంతకాలు చేసి అడుగుదాం. గొడవ అయ్యాక వచ్చే శిబిరం కంటే ఒప్పందం ముందు వచ్చే శిబిరం మేలు.

అన్నిటికంటే ముఖ్యం కలిసి వెళ్లడం. ఒక్క కౌలుదారు వెళ్తే అతనికి మరుసటి ఏడాది భూమి ఉండదు. ఇరవై మంది ఒకే రోజు సీసీఆర్‌సీ అడిగితే ఇరవై మందినీ కాదని ఆ భూములు ఎవరితో చేయిస్తారు? యజమానులతో మనకి శత్రుత్వం లేదు. వాళ్ల భూమి వాళ్లదే. మన చెమటతో పండిన పంట మాత్రం మనది అని కాగితం మీద ఉండాలి, అంతే మనం అడిగేది.

మీ ఊళ్లో కౌలు తగాదా ఉంటే ఎవరి పేర్లూ పెట్టకుండా కింద రాయండి. 6 నెలల గడువు దగ్గర పడుతుంటే రాయడంతో ఆగొద్దు, ముందు 15100కి ఫోన్ చేయండి.