కోటు సరే, కూడేదీ?

"నేను లాయర్నే అవుతాను." ఈ మాట అన్నప్పుడల్లా చుట్టాలది ఒకటే ప్రశ్న: "ఇంజనీరింగ్‌లో సీటు రాలేదేంటమ్మా?" వచ్చింది. నేనే వద్దన్నాను. గట్టు తగాదాలో మా నాన్న పదకొండేళ్లు వాయిదాలకు తిరిగాడు. మొదటి బస్సెక్కి, సద్దిమూట ఒళ్లో పెట్టుకుని, కోర్టు వరండాలో పిలుపు కోసం కూర్చునేవాడు. సాయంత్రం అమ్మ "ఏమన్నారు?" అని అడిగితే, "ఏమో, ఇంగ్లీషులో ఏదో అనుకున్నారు" అనేవాడు. ఆ 'ఏమో' మీద కోపంతోనే లా చదివాను.

పట్టా చేతికొచ్చాక ఒక సీనియర్ గారి దగ్గర చేరాను. పొద్దున్నే కాజ్‌లిస్టు చూడాలి, కేసు కట్టలు మోయాలి, వాయిదాలు అడగాలి, రాత్రి పదింటిదాకా డ్రాఫ్టులు కొట్టాలి. నెలాఖరున నసుగుతూ జీతం మాటెత్తితే, "పని నేర్పిస్తున్నందుకు నువ్వే నాకివ్వాలమ్మా" అని నవ్వారు. ఆ ఆఫీసులో గుమస్తాకి జీతముంది. టీ తెచ్చే కుర్రాడికీ ఉంది. నల్లకోటు వేసుకున్న నాకే లేదు.

"మేమూ ఇలాగే పైకొచ్చాం" అంటారు సీనియర్లు. నిజమే, వచ్చారు. తండ్రి ఆఫీసో, ఊళ్లో పొలమో ఉన్నవాళ్లు వచ్చారు. అద్దె కట్టలేక మధ్యలో మానేసినవాళ్లు ఈ నీతి చెప్పడానికి బార్ రూములో లేరు కదా!

జీతం సంగతి అటుంచి, లాయరుగా పేరు నమోదుకే ఖర్చు. ఈ ఎన్‌రోల్‌మెంటుకి చట్టం పెట్టిన ఫీజు మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకైతే 125. అయినా బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజాయి. అది కుదరదని 2024 జులై 30న సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. చట్టం చదివినవాళ్లకే చట్టం గుర్తుచేయాల్సిన గతి!

అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్నాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వమంది. ఇవ్వమని సిఫార్సు మాత్రమే చేసింది. ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. అది సిఫార్సు కాదు, తీర్పు. అంటే చాకిరీ తప్పనిసరి, జీతం దయాధర్మం!

అనుభవం అక్కర్లేదని నేననను. అనుభవం లేని జడ్జి ముందు మా నాన్నలాంటివాళ్లు నిలబడాలని కోరను. కానీ ఈ మూడేళ్లూ పస్తులుండి గట్టెక్కేదెవరు? కలిగినవాళ్ల పిల్లలే. రేపు బెంచీ ఎక్కేదీ వాళ్లే.

జూనియర్ జీతాన్ని కూడా తప్పనిసరి చేయండి. మూడేళ్లు ఉండాలన్న పెద్దలే, ఆ మూడేళ్లు ఏం తిని ఉండాలో కూడా చెప్పండి. కాస్త తెలుగులో చెప్పండి. సాయంత్రం ఇంటికెళ్లి మా నాన్నకి చెప్పాలి.