మాత్రల బలము - సాధన బలము

ఫుట్‌బాలు ఆట 90 నిమిషములు సాగును. అందు వృత్తిక్రీడాకారుడు సుమారు 10 కిలోమీటర్ల దూరము పరుగిడును. అంతటి శ్రమకు కండరములు ప్రాణవాయువును విరివిగా వినియోగించును. మంట లేచిన చోట నిప్పురవ్వలు ఎగసినట్లు, అపుడు ఫ్రీ రాడికల్సు అను చురుకైన అణువులు పుట్టును. ఇవి మితిమీరినచో కణములకు హాని కలుగును. వీనిని అణచు పదార్థములకే యాంటీఆక్సిడెంట్లు అని పేరు. వీనిలో సి, ఇ విటమినులు ఆహారమువలన లభించును. గ్లూటాథయోను వంటివానిని శరీరమే తయారుచేసికొనును.

రవ్వలు హానికరములైనచో, వానిని ఆర్పు మాత్రలను ఎంత హెచ్చుగా మ్రింగిన అంత మేలని పలువురు తలంతురు. వారమునకు రెండు పోటీలాడవలసిన ఆటగాడు త్వరగా అలసట తీరవలెనని కోరుట సహజమే. కాని ఆ రవ్వలు శత్రువులు మాత్రమే కావు. శరీరమునకు హెచ్చరికలు కూడ. వానిని గుర్తించియే సాధనచేయు కండరము తన రక్షణను తానే పెంచుకొనును. హెచ్చరికనే ఆర్పివేసిన, కండరము నేర్వవలసిన పాఠమును నేర్వజాలదు.

2014లో నార్వే శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఇందుకు తార్కాణము. 54 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులు 11 వారములు వ్యాయామము చేసిరి. కొందరికి దినమునకు 1000 మిల్లీగ్రాముల సి విటమినును, 235 మిల్లీగ్రాముల ఇ విటమినును ఇచ్చిరి. తక్కినవారికి మందులేని మాత్రల నిచ్చిరి. ఇరుపక్షముల వారికిని దేహపటుత్వము ఒకే తీరున పెరిగెను. విటమినులవలన అదనపు లాభమేమియు కానరాలేదు. పైగా వానిని మ్రింగినవారి కండరములలో, శక్తినిచ్చు మైటోకాండ్రియాల వృద్ధిని సూచించు ఒక ప్రోటీను, తక్కినవారిలో వలె పెరుగలేదు. వారు వృత్తిక్రీడాకారులు కారు. అయినను ఏండ్ల తరబడి సాధనచేయు ఆటగాడు ఈ ఫలితమును పెడచెవిని పెట్టరాదు.

పరీక్షలో విటమిను లోపము కనబడినవానికి వైద్యుడు మాత్ర నొసగుట న్యాయమే. లోపము లేనివానికి దినదినము హెచ్చు మోతాదు నిచ్చుట మాత్రము వివేకము కాదు. పండ్లు, ఆకుకూరలు, పప్పుదినుసులు గల భోజనము, కంటినిండ నిద్ర, క్రమమైన సాధన, పోటీకిని పోటీకిని నడుమ తగిన విశ్రాంతి - ఇవియే క్రీడాకారునికి అసలైన కవచము. పేరుపొందిన ఆటగాండ్రను చూచి బాలురు వారి నడవడిని అనుకరింతురు. వారు సీసాలోని మాత్రలను గాక మైదానమందలి చెమటను ఆదర్శముగా చూపుట క్రీడకును, బాలురకును మేలు.