కూర్చోవడానికి ఇటలీ వెళ్ళాలా?

ఇటలీ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నన్నందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "ఎన్ని ఊళ్ళు చూశారు?" ఎలా ఉందని అడగరు. ఏం నచ్చిందని అడగరు. ఎన్ని? గాజులు ఎన్ని డజన్లు, పెళ్ళిలో ఎన్ని విస్తళ్ళు లేచాయి, ఊళ్ళు ఎన్ని! నేను నోరు విప్పేలోగానే మా వారు పేపరు మడిచి అందుకుంటారు. "ఎనిమిది రోజులు, అయిదు ఊళ్ళు. రోమ్, ఫ్లారెన్స్, పీసా, వెనిస్, మిలాన్. ఒక్కటి వదల్లేదు." లంకకు వారధి కట్టొచ్చినవాడికి కూడా అంత ధీమా ఉండదు.

ఆయన వదల్లేదు, నిజమే. వదిలింది నేను. ఏమేం వదిలానో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ. మగవాళ్ళని ఆడిపోసుకోవడానికి కాదు సుమండీ. మధ్యలో అక్కడక్కడా అలా అనిపిస్తే మాత్రం నేనేం చెయ్యను?

పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో ఒక క్యాలెండరుండేది. అందులో వెనిస్ కాలవలు, నల్లటి పడవలు, నీళ్ళలోకే దిగిపోయిన గుమ్మాలు. "ఎప్పటికైనా ఇక్కడ కాసేపు కూర్చోవాలండీ" అన్నాను. పిల్లల చదువులు, ఆడపడుచు పెళ్ళి, ఇంటి అప్పు, అత్తగారి మంచం అన్నీ ఒడ్డెక్కేసరికి ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఆయన రిటైరయ్యాక, 2024 మే నెలలో బయల్దేరాం. గమనించండి, నేనన్నది "కూర్చోవాలి" అని. ఆయన ఇటలీని గుర్తుపెట్టుకున్నారు, కూర్చోవడం మరిచిపోయారు.

ఆయన చేతిలో ఒక గళ్ళ కాగితం. బ్యాంకులో ముప్ఫై మూడేళ్ళు లెక్కలు రాసిన చెయ్యి మరి! ఎనిమిదింటికి కలోసియం, పదిన్నరకి ఫోరమ్, పన్నెండుకి పాంథియన్, ఒంటిగంటకి ట్రెవీ ఫౌంటెన్. చూసినదాని పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు. నేను పాంథియన్ కప్పుకున్న కన్నంలోంచి పడే ఎండ నేలమీద ఎంత జరిగిందో చూద్దామని ఆగితే, "టిక్కయిపోయిందోయ్, పద" అంటారు.

ఆ కాగితంలో నా ఉద్యోగం రాసిలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, హోటలు గదిలో బుల్లి ఎలక్ట్రిక్ కుక్కరు పెట్టి, నిమ్మకాయ పులిహోర కలిపి, డబ్బాల్లో సర్ది, రాత్రి ఉతికిన జుబ్బాలు ఆరాయో లేదో చూసి, మందుల డబ్బా, కందిపొడి సీసా, గొడుగు సంచీలో వేసుకోవడం. "బయటి తిండి నాకు పడదు కదా" అని ఆయన. టమాటా రసంలో, మన తులసికి చుట్టమైన ఆకు వేసి వండే శాకాహారం వీధివీధినా దొరికే దేశమది! పడనిది తిండి కాదు, నేను ఖాళీగా ఉండడమేమో అని ఒక్కోసారి అనుమానం. ఇల్లు మారింది, వంటిల్లు మారలేదు. దీన్ని సెలవంటారా?

రోమ్‌లో స్పానిష్ మెట్లని ఉన్నాయి. 1720లలో కట్టినవి. కొండవాలు మీద పువ్వు విచ్చుకున్నట్టు నూట ముప్ఫైకి పైగా మెట్లు. రెండోరోజు సాయంత్రానికి నా మోకాళ్ళు మొరాయించాయి. హమ్మయ్య అని మూడో మెట్టుమీద కూలబడ్డానో లేదో, ఎక్కణ్ణించో పోలీసు విజిలు! 2019 నుంచీ ఆ మెట్లమీద కూర్చోకూడదట. కూర్చుంటే జరిమానా. లేచి నిలబడ్డాను. మా వారు తలదించుకుని, "చెప్తే వినవు గదా" అన్నారు. ఆయన చెప్పిందెప్పుడో, నేను విననిదెప్పుడో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ మెట్లు పాతవి. జనం తాకిడికి పాడవుతున్నాయి, రూలు పెట్టారు, అర్థం చేసుకోగలను. కానీ ఆ విజిలు నాకు కొత్తగా అనిపించలేదు చూడండి. నడుం వాల్చిన ప్రతిసారీ ఎవరో ఒకరి పిలుపు వినడం మనకలవాటేగా. "అమ్మా, నా టవలేదీ?" "ఏమోయ్, కాఫీ!" మన ఇళ్ళల్లో ఆ విజిలు 2019కి ముందునుంచీ ఉంది.

అక్కడి కాఫీ కొట్లలో ఇంకో చిత్రం. గల్లాదగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్లదగ్గర కూర్చుంటే ఎక్కువ ధర. "నిలబడి తాగితే కాఫీ కాఫీ కాకుండా పోతుందా?" అని మా వారు. వారం రోజులూ గుర్రంలా నిలబడే తాగాను. కూర్చోవడానికీ ఒక వెలుందని అక్కడ బోర్డుమీద రాసిపెడతారు. మన దగ్గర రాయరు, అంతే తేడా.

ఇక ఆయన వైపు న్యాయం కూడా చెప్పాలి. టిక్కెట్లు కొన్నదాయన, రైళ్ళు వెతికిందాయన, వీసా కోసం ఎండలో నిలబడిందాయన. "ఇంత డబ్బు పోసి వచ్చి కూర్చుంటామా?" అన్న ఆయన మాటలో దురాశ లేదు, భయం ఉంది. మళ్ళీ రాలేమన్న భయం. ఆ భయం నాకూ ఉంది. కాకపోతే మళ్ళీ రాలేమని ఆయన పరుగెత్తారు, మళ్ళీ రాలేమని నేను ఆగుదామన్నాను. ఎవరి మాట నెగ్గిందో వేరే చెప్పాలా?

అసలు చూడటమంటే ఏమిటండీ? వాటికన్ సిస్టీన్ చాపెల్ కప్పుమీద మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా బొమ్మలు వేశాడు. పడుకుని వేశాడని చాలామంది అనుకుంటారు గానీ, పరంజామీద నిలబడి, తల వెనక్కి వాల్చి వేశాడు. ఆ బాధంతా ఒక పద్యంలో మొరపెట్టుకున్నాడు కూడా. ఆ నాలుగేళ్ళ మెడనొప్పికి మా కాగితంలో కేటాయింపు పన్నెండు నిమిషాలు. కానీ అక్కడొక వింత జరిగింది. ఆ గదిలో ఫోటోలు తీయనివ్వరు. మా వారి చేతులకు పనిలేకపోయింది. దిక్కులు చూశారు, చేతులు నలుపుకున్నారు, చివరికి తలెత్తారు. ఎత్తిన తల చాలాసేపు దించలేదు. ఆ ప్రయాణం మొత్తంలో ఆయన దేన్నయినా చూశారంటే దాన్నే చూశారు. ఆయనకు చూడటం రాక కాదు, చేతిలో కాగితమూ కెమేరా ఉంటే తల లేవదు.

ఫ్లారెన్స్‌లో ఉఫీజీ చిత్రశాల. బొత్తిచెల్లి వేసిన వీనస్ ముందు టిక్కు పెట్టి ఆయన ముందుకు సాగారు. వెళ్ళేముందు లైబ్రరీ పుస్తకాలు తిరగేసి నేనూ ఒక చిన్న నోటుబుక్కు రాసుకున్నాను. అందులో మొదటి పేరు ఆర్తెమీసియా జెంతిలెస్కి. 1593లో రోమ్‌లో పుట్టిన చిత్రకారిణి. తనను బలాత్కరించినవాడిమీద 1612లో విచారణ జరిగితే, ఆమె చెప్పేది నిజమా కాదా తేల్చడానికి ఆమె వేళ్ళకే తాళ్ళు బిగించారు. బొమ్మలు వేసే వేళ్ళకి! ఆ వేళ్ళతోనే నిలదొక్కుకుని, 1616లో ఫ్లారెన్స్ చిత్రకళా అకాడమీలో చోటు సంపాదించిన మొదటి స్త్రీ అయింది. తమ ఊరిని ముట్టడించిన సేనాపతి తలను జుడిత్ అనే వనిత నరుకుతున్న చిత్రం అక్కడుంది. చేతులు పైకి మడుచుకుని, పని తెలిసిన ఆడదాని శ్రద్ధతో కత్తి పట్టింది జుడిత్. దాసీ అతణ్ణి అదిమిపట్టింది. భయం లేదు, ఏడుపు లేదు. నేనలా నిలబడిపోయాను.

"రెండింటికి పీసా రైలు" అన్నారాయన గడియారం చూపించి. వచ్చి రెండు నిమిషాలు కాలేదు. వెళ్ళాను. ఆయన్ననడమెందుకు, వెళ్ళింది నా కాళ్ళేగా. "మీరు వెళ్ళిరండి, నేనిక్కడుంటాను" అనడానికి నోట్లో ముత్యాలున్నాయా? లేవు. అలవాటు లేదు. ఈ వ్యాసంలో నేను దెబ్బలాడుతున్నది ముందు ఆ అలవాటుతోనే.

పీసాలో ఏం చేశామంటారా? అందరూ చేసేదే. వాలిపోతున్న గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు నన్ను నిలబెట్టి పదిహేడు ఫోటోలు. "ఇంకాస్త ఎడమకి, చెయ్యి పైకి, నవ్వు!" 1173లో మొదలుపెట్టిన గోపురమది. కడుతుండగానే ఒరిగింది. 1990లో మూసేసి, పునాది కింద మట్టి కొంచెం కొంచెంగా తోడి, కాస్త నిటారు చేసి 2001లో మళ్ళీ తెరిచారు. ఇంజనీర్లకు అన్నేళ్ళు పట్టిన పని నేను పదిహేను నిమిషాల్లో చేశాను. ఒరిగిపోయేవాటిని చెయ్యడ్డుపెట్టి ఆపి, పైగా నవ్వడం మనకు కొత్తా?

ఫ్లారెన్స్ నుంచి వెనిస్‌కి రైలు బొలోన్యా, పాదువాల మీదుగా వెళుతుంది. నా నోటుబుక్కులో ఆ రెండు ఊళ్ళూ ఉన్నాయి. బొలోన్యాలో 1732లో లారా బస్సీ పట్టం పుచ్చుకుని, విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలై, సంసారం చేసుకుంటూనే ఇంట్లో ఫిజిక్సు పాఠాలు చెప్పింది. పాదువాలో 1678లో ఎలెనా కొర్నారో పిస్కోపియా తత్త్వశాస్త్రంలో డాక్టరేటు పొందింది. అంతకుముందు వేదాంతంలో పట్టా అడిగితే, ఆడదానికివ్వమని బిషప్పు అడ్డుపడ్డాడు. రైలు బొలోన్యాలో ఆగింది, పాదువాలో ఆగింది. మేం దిగలేదు. "అక్కడేముంది చూడటానికి?" అన్నారాయన. నిజమే, చెయ్యడ్డుపెట్టి ఫోటో తీసుకోవడానికేమీ లేదు.

వెనిస్‌లో పగలంతా తిరిగి సాయంత్రం మిలాన్ రైలెక్కాలని ఆయన ఏర్పాటు. క్యాలెండరులో ముప్ఫై ఏళ్ళు చూసిన వెనిస్ ఆరుగంటల్లో సరి! ఆ ఏడాదే అక్కడ కొన్ని రోజుల్లో, పగలు వచ్చి పోయేవాళ్ళ దగ్గర మనిషికి అయిదు యూరోల రుసుము మొదలుపెట్టారు. రాత్రి బసచేసేవాళ్ళకి లేదు. అంటే ఊరే నోరు విప్పి చెబుతోంది, "తొక్కిపోకండర్రా, ఉండండి" అని. 1951లో ఆ పాతపట్నంలో లక్షా డెబ్భైవేలకు పైగా జనం కాపురముండేవారు. ఇప్పుడు యాభైవేలలోపే. వచ్చిపోయేవాళ్ళ తాకిడికి కాపురమున్నవాళ్ళు ఖాళీచేస్తున్నారు. మన పరుగు మన మోకాళ్ళతో పోవడం లేదు, ఊళ్ళనీ అరగదీస్తోంది. మా వారు పది యూరోలు కట్టారు గానీ ఊరు చెప్పింది వినిపించుకోలేదు.

మిలాన్‌లో ఒక మఠం భోజనాలగది గోడమీద లియొనార్డో వేసిన 'చివరి విందు' ఉంది. ముందే టిక్కెట్టు కొనాలి, పావుగంటే ఉండనిస్తారు. నవ్వొస్తుంది, బలవంతాన పెట్టిన ఆ పావుగంటే ఆ ప్రయాణంలో మేం ఒక బొమ్మ ముందు గడిపిన ఎక్కువ సమయం. 1490లలో నాలుగేళ్ళలోపే ఆయన వేసిన చిత్రం, పొడిగోడమీద వేయడంవల్ల ఆయన బతికుండగానే పెచ్చులూడటం మొదలైంది. దాన్ని బాగుచేసింది పినిన్ బ్రాంబిల్లా బార్చిలోన్ అనే ఆవిడ. 1970లలో మొదలుపెట్టి 1999 దాకా, ఇరవై ఏళ్ళకు పైగా, ఆ గోడముందు వేలెడు వేలెడు మేర శుభ్రం చేసింది. వేసినాయనకి పట్టినదానికంటే చూసినావిడకి ఎన్నో రెట్లు పట్టింది! చూడటమంటే అదీ.

బయటికొచ్చాక మా వారు కాగితం తీశారు. "ఇప్పుడు కెథెడ్రల్ కప్పు ఎక్కాలి."

"నేను రానండీ. మీరు వెళ్ళిరండి" అన్నాను. ముప్ఫై ఏళ్ళకి నోట్లోంచి ఊడిపడిన మాట. ఆకాశం విరిగి పడలేదు. ఆయన వెళ్ళారు. నేను చౌకులో ఒక బల్లదగ్గర, కూర్చున్న ధరకే, కాఫీ చెప్పి కూర్చున్నాను. పావురాలు, పెళ్ళిబట్టల్లో ఒక జంట, పిల్లాణ్ణి కసురుకుంటున్న తల్లి, ఎండకి గులాబీరంగు తిరుగుతున్న పాలరాయి. అరగంటకి ఆయన తిరిగొచ్చి, ఎదుటి కుర్చీ లాక్కుని, కాగితం జేబులో పెట్టుకుని, "ఇంకో కాఫీ చెప్పనా?" అన్నారు. ఎక్కారో లేదో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

కనక అమ్మల్లారా, నన్నడిగితే చెప్పేది ఇదీ. అయిదు ఊళ్ళు చాలించి రెండు ఊళ్ళు చూడండి. కుక్కరు ఇంట్లో వదిలెయ్యండి. ప్రయాణం కాగితంలో సగం మీ చేత్తో రాయండి. రాయనివ్వకపోతే మీ సగం మీరు కూర్చోండి. ఇటలీకే కాదు, తిరుపతికైనా, ఊటీకైనా ఇదే మాట. ఇంకొక్కటి, ఇది మగవాళ్ళకి కాదు, మనకి. ఈసారి ఎవరైనా ఊరెళ్ళొస్తే ఎన్ని ఊళ్ళు చూశావని అడక్కండి. ఎక్కడ కూర్చున్నావని అడగండి.