సుద్దముక్కతో ఒక్క మాట



వీపున సంచి తగిలించుకుని మిత్రులతో సిడ్నీ నగరం చూడబోతున్నారా? 1932లో తెరిచిన హార్బర్ వంతెనపై నడవండి, రుసుము లేదు. 1973లో ప్రారంభమైన ఒపేరా హౌస్ చూడండి. అయితే టౌన్‌హాలు పక్కనున్న సిడ్నీ స్క్వేర్‌లో కాసేపు ఆగి నేలవైపు కూడా చూడండి. అక్కడ అల్యూమినియంతో పొదిగిన ఒకే మాట: ‘ఎటర్నిటీ’. అంటే నిత్యత్వం.

అది ఆర్థర్ స్టేస్ జ్ఞాపకం. తాగుడుకు బానిసైన ఆయన 1930లో ప్రభువును నమ్ముకున్నాడు. తర్వాత 30 ఏళ్లకు పైగా వేకువనే లేచి కాలిబాటలపై సుద్దముక్కతో ఆ మాటే వ్రాశాడు. వాన చెరిపేస్తే మళ్లీ వ్రాశాడు. 1967లో ప్రభువునందు నిద్రించాడు. 2000 సంవత్సరపు తొలి ఘడియల్లో అదే మాట హార్బర్ వంతెనపై దీపాలతో వెలిగింది!

ఫొటోలు తీసుకోండి, సంతోషించండి. కాని రోజంతా మీ పక్కనే నడిచిన స్నేహితునికి నిత్యత్వాన్ని గూర్చి ఒక్క మాటైనా చెప్పారా?