ఇంట్లో జ్యూసర్: లాభమెంత? నష్టమెంత?

బెంగుళూరులోని మన ఇళ్ళలో మిక్సీ పక్కన ఇప్పుడు జ్యూసర్ కూడా చేరుతోంది. దీనివల్ల లాభాలు లేకపోలేదు. మంచి పండ్లు మనమే ఏరుకోవచ్చు. చక్కెర, ఐసు కలపకుండా తాజాగా తాగవచ్చు. నమలలేని వృద్ధులకు, జ్వరంతో నీరసించినవారికి అరగ్లాసు దానిమ్మరసం తేలికగా దిగుతుంది.

అయితే జ్యూసర్ పిప్పిని వేరుచేస్తుంది. దాంతో పీచులో చాలాభాగం పోయి, తీపి మాత్రం గ్లాసులో మిగులుతుంది. మూడు బత్తాయిలు ఒక్కసారి తినలేం. వాటి రసం మాత్రం రెండు నిమిషాల్లో తాగేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తగ్గించుకోమన్న చక్కెరల్లో పండ్లరసంలోని తీపి కూడా ఉంది. "చక్కెర వేయలేదు కదా" అని షుగర్ వ్యాధి ఉన్న అబ్బాజాన్‌కు రోజూ గ్లాసునిండా ఇస్తే, మన ప్రేమే ఆయనకు కీడు చేస్తుంది.

యూనానీ వైద్యం మనిషి మిజాజ్‌ను, అంటే శరీర తత్వాన్ని చూసి ఆహారం సూచిస్తుంది. ఒకే రసం ఇంటిల్లిపాదికీ సరిపడదు. దీర్ఘవ్యాధులున్నవారు తమకు చికిత్స చేస్తున్న వైద్యుణ్ణి ముందుగా అడగాలి. మిజాజ్ సంగతి తెలుసుకోవడానికి మాగడి రోడ్డులో జాతీయ యూనానీ వైద్య సంస్థ ఉండనే ఉంది.

నమలగలిగినవారికి పండే మేలు. జ్యూసర్ కొనేముందు ఇంట్లో అది ఎవరికి అవసరమో ఆలోచించండి.